కోహెన్ నిలబడే చోటు

మొరాకోలోని మర్రాకెష్‌లో యూదుల శ్మశానం గేటు దగ్గర యోహాయ్ ఆగిపోయాడు. బస్సు దిగినవాళ్ళందరూ కొవ్వొత్తులూ మంచినీళ్ళ సీసాలూ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. అతను మాత్రం గోడ నీడలో ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు. నేను లోపలికీ పోలేక, అతని పక్కన కూర్చోనూ లేక గేటు మధ్యలో నిలబడ్డాను. ఆ యాత్ర మొత్తం నా పరిస్థితి అదే.

మా యూదుల్లో కోహెన్ వంశంలో పుట్టిన మగవాడు సమాధుల మధ్య అడుగు పెట్టకూడదు. వాళ్ళ పూర్వీకులు యెరూషలేము గుడిలో పూజారులు. గుడి కూలి రెండు వేల ఏళ్ళవుతోంది గానీ వాళ్ళ నియమాల్లో ఒక్క ఇటుక కూడా రాలలేదు. చచ్చినవాళ్ళున్న చోటికి వెళ్ళకూడదు. విడాకులు తీసుకున్న ఆడదాన్ని చేసుకోకూడదు. మొదటి నియమం వల్ల యోహాయ్ ప్రతి ఊళ్ళోనూ గేటు బయట కాపలా కాస్తున్నాడు. రెండో నియమం వల్ల నన్ను చేసుకోలేకపోతున్నాడు.

నా మొదటి పెళ్ళి ఏడాది తిరక్కుండానే తెగిపోయింది. ఆ మనిషి గురించి మాట్లాడటం నోటికి చేటు. అతని చేత విడాకుల పత్రం ఇప్పించుకోవడానికి మాత్రం రబ్బీలనే మతగురువుల కోర్టు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. అది చేతిలో పడ్డ రోజు ఇంటికి నడిచి వెళ్ళాను, దారంతా నవ్వుకుంటూ. ఇంకొక తలుపు అప్పుడే మూసుకుందని నాకేం తెలుసు?

యోహాయ్ వాళ్ళ నాన్న మెయిర్ కోహెన్ మా ఊరి ప్రార్థనా మందిరానికి పెద్ద దిక్కు. యెరూషలేముకి దక్షిణాన, నెగెవ్ ఎడారి అంచున ఉండే మా ఊళ్ళో రోజూ పొద్దున్నే ఆయన ముందుకొచ్చి, శాలువా తల మీదుగా కప్పుకుని, రెండు చేతులూ ఎత్తి అందరినీ దీవిస్తాడు. పదమూడో ఏట మొదలుపెట్టాడట, ఒక్క రోజు మానలేదు. ఆయన తండ్రి, అంటే యోహాయ్ తాత మసఊద్, తీరు అందుకు పూర్తిగా భిన్నం. తనూ కోహెనే అయినా, సరిగ్గా దీవెన వేళకి ఆయనకి దగ్గు తెర వచ్చేది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికెళ్ళి మెట్ల మీద నిలబడేవాడు. అదొక వినయం అనుకునేవాళ్ళు జనం. ఆయన పోయినప్పుడు ఊరంతా శ్మశానానికి వెళ్ళింది. యోహాయ్ మాత్రం కంచె పట్టుకుని బయటే నిలబడ్డాడు. తల్లో తండ్రో పోతే కోహెన్ లోపలికి వెళ్ళొచ్చట, తాతకి ఆ వెసులుబాటు లేదట.

మొరాకో నుంచి వచ్చినవాళ్ళ సంఘం మా ఊళ్ళో ఏటా కుర్రాళ్ళని పోగేసి, నలుగురు పెద్దవాళ్ళని తోడిచ్చి, తాతల ఊళ్ళు చూసి రమ్మని పంపుతుంది. బయల్దేరే ముందు మెయిర్ గారు కొడుకుని కూర్చోబెట్టి తెగేసి చెప్పాడట. తిరిగొచ్చేలోగా తేల్చుకో, రబ్బీలు చెయ్యని పెళ్ళి ఇక్కడ కుదరదు గనక సైప్రస్ వెళ్ళి రిజిస్టర్ చేసుకుంటానంటే నీ ఇష్టం, అలాంటి పెళ్ళి చేసుకున్న కోహెన్ దీవించకూడదు, ఆ రోజు నుంచి నా పక్కన నిలబడి చేతులెత్తకు, నా గుమ్మం తొక్కకు అని. అంటే ఈ యాత్ర అయ్యేలోగా యోహాయ్ నోట్లోంచి అవునో కాదో రావాలి. నేను ఆ మాట కోసం ఎదురు చూస్తున్నాను. ఎదురు చూడనట్టు నటిస్తున్నాను కూడా.

ఇందులో పిడకల వేట ఇంకోటుంది. యోహాయ్ నానమ్మ ఫ్రేహా కూడా మాతో వచ్చింది. పెద్దవాళ్ళకి చెయ్యి సాయానికి ఒక్కో అమ్మాయిని ఇస్తుంటే, ఆవిడ నన్ను పేరు పెట్టి అడిగింది. సంఘం వాళ్ళు నోరెళ్ళబెట్టారు. నేను లోలోపల ఎగిరి గంతేశాను, ముసలావిడ మెత్తబడింది కాబోలనుకుని. తీరా వచ్చాక నా మొహం చూడదు. రోజూ సాయంత్రం పుదీనా వేసి టీ కాచి ఆవిడ ముందు పెడతాను. అది చల్లారి తెట్టు కట్టేదాకా అలాగే ఉంటుంది. నా చేతి టీ తాగితే అంటు అనుకుంటోందేమోనని నాకు ఒళ్ళు మండిపోయేది.

బస్సులో జూలియెట్ అత్త సంగతి చెప్పక్కర్లేదు. మందిరంలో ఆడవాళ్ళ వైపు మొదటి వరస ఆవిడది, ఊళ్ళో వార్తలన్నీ ముందు ఆవిడ ఫోనులోనే పుడతాయి. పక్క సీట్లో ఉన్నవాళ్ళతో మాట్లాడుతున్నట్టుగా నాకు వినపడేలా అనేది, కొంతమంది కోహెన్లు మహాత్ముల సమాధుల దగ్గరికైతే వెళ్ళొచ్చంటారట, మన మెయిర్ మాత్రం అలాంటి సందులు వెతికే మనిషి కాదు, వంశాన్ని అద్దంలా కాపాడుకొస్తున్నాడు, ఇప్పుడేమవుతుందో మరి అని. నేను కిటికీలోంచి కొండలు చూసేదాన్ని. నాకు ముక్కు మీదే కోపం, ఆ యాత్రలో దాన్ని మింగినంతగా అన్నం కూడా మింగలేదు.

దాదెస్ లోయలోకి బస్సు దిగిన రోజు పొద్దున్నుంచే ఫ్రేహా మామ్మ అదోలా ఉంది. లోయ చివర ఇగ్రమ్ అనే మట్టి గోడల ఊరు ఆవిడ పుట్టినూరు. వాళ్ళమ్మ సమాధి అక్కడే ఉంది. యాత్రలో ఇగ్రమ్‌ని చేర్చమని నెలల తరబడి సంఘం ప్రాణం తీసింది తనే. అలాంటిది, ఊరి మొదట్లో వాల్‌నట్ చెట్లు కనిపించేసరికి మా యాత్ర పెద్ద ప్రోస్పెర్ బాబాయ్‌ని పిలిచి, ఎండ ఎక్కువగా ఉంది, ఇక్కడ ఆగొద్దు, నేరుగా వెళ్ళిపోదాం అంది. ఆయన బిక్కమొహం వేశాడు. ఇంత దూరం వచ్చి అమ్మకి కొవ్వొత్తి వెలిగించకుండా పోతావా అని బతిమాలాడు. ఆవిడ దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. అంతకుముందు ఏనాడూ నన్ను ముట్టుకోలేదు. వేళ్ళు మంచులా ఉన్నాయి.

ఆ ఊళ్ళో ఇప్పుడు యూదులు లేరు. వెళ్ళిపోతూ శ్మశానం తాళంచెవి ఇరుగుపొరుగు చేతిలో పెట్టి వెళ్ళారు, అదే ఇంట్లో ఇప్పటికీ ఉంది. డ్రైవరు వెళ్ళి తలుపు తట్టాడు. చాలాసేపటికి ఒక ముసలమ్మ తాళంచెవి పట్టుకుని, గోడ తడుముకుంటూ వచ్చింది. గడ్డం మీద పచ్చబొట్టు, నోట్లో పళ్ళు లేవు. మా అందరినీ వరసగా చూస్తూ వచ్చి ఫ్రేహా మామ్మ దగ్గర ఆగింది.

"నువ్వు సుల్తానా కూతురివి కదూ? ఫ్రేహావి కదుటే?" అంది అరబ్బీలో.

"కాదు. నాది కాసాబ్లాంకా," అంది మామ్మ.

నేను ఉలిక్కిపడ్డాను. ముసలమ్మ నవ్వి, చెయ్యి చాచి మామ్మ గడ్డం కింద వేలు పెట్టింది. అక్కడ సన్నగా ఒక మచ్చ ఉంది.

"ఇది మా బావి గట్టు మీద పడి తగిలించుకున్నదే. రక్తం కడిగింది నేను. నాతో అబద్ధం ఆడతావా, సిగ్గులేనిదానా?"

అప్పుడు మామ్మ మొహం మారింది. ఫద్మా, అంది, ఇంకా బతికే ఉన్నావా అంది. ఆ మాటలో సంతోషం ఎంతుందో భయం అంతకు రెట్టింపు ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఊగిపోయారు. యోహాయ్, డ్రైవరు, ప్రోస్పెర్ బాబాయ్ బయట అంజూరపు చెట్టు కింద ఆగారు. జూలియెట్ అత్త మట్టి గోడల ముందు నిలబడి ఫోటోలు తీయించుకుంటోంది. మామ్మని ఫద్మా తన ఇంట్లోకి లాక్కెళ్ళింది. మామ్మ నా మోచెయ్యి వదల్లేదు గనక నేనూ వెళ్ళాను.

లోపల తివాచీ మీద కూర్చోబెట్టి, పొయ్యి మీంచి టీ దింపి, ఫద్మా మొదలుపెట్టింది. ఎవరు పోయారు, ఎవరి ఇల్లు కూలింది, ఎవరి కొడుకు ఏ పట్నంలో ఉన్నాడు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మామ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తల ఊపుతోంది. నాకు ఆ అరబ్బీ అర్థమవుతుందన్న సంగతి ఆవిడకి తెలీదు. నేను మా అమ్మమ్మ ఒళ్ళో పెరిగాను. ఆవిడకి ఇంకో భాష రాదు.

"అవునే, ఆ జీనులు కుట్టే యాయిష్ ఏమయ్యాడు? నీ మొగుడు?" అంది ఫద్మా.

మామ్మ ఏదో అనబోయింది.

"వాడి దుంప తెగ. మీ నాన్న వయసువాడికి నిన్నిచ్చి కట్టబెట్టారు. పండగ రెండోసారి తిరిగిరాకుండానే వదిలేశాడుగా. రబ్బీ విడాకులు చేతిలో పడేసిన రోజు మీ అమ్మ గుండెలు బాదుకుంటుంటే నువ్వు మా కొట్టంలో గొర్రెల మధ్య పడుకుని ఒకటే నవ్వు. వదిలింది ఫద్మా, వదిలింది ఫద్మా అని. మర్చిపోయావా? మళ్ళీ చేసుకున్నావా లేదా? పిల్లలా?"

మామ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది. గోళ్ళు గుచ్చుకున్నాయి. ఆవిడ నా వైపు చూడకుండా ఫద్మాకే సమాధానం చెప్పింది, చేసుకున్నాను, ఒక కొడుకు, మనవడు బయట ఉన్నాడు అని. ఎవర్ని చేసుకున్నదీ చెప్పలేదు. ఫద్మా అడగలేదు, అడగడానికి ఆవిడకి కోహెన్ అంటే ఏమిటో తెలిస్తే కదా.

నాకు మాత్రం అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. విడాకులు తీసుకున్న ఫ్రేహా కోహెన్ మసఊద్‌ని చేసుకుంది. అలాంటి పెళ్ళికి పుట్టినవాడు కోహెన్ కాడు. వాడి కొడుకూ కాడు. మెయిర్ గారు అన్నేళ్ళుగా ఎత్తిన చేతులు మామూలు చేతులు. యోహాయ్ ఏ శ్మశానంలోకైనా వెళ్ళొచ్చు, ఏ విడాకుల దాన్నైనా చేసుకోవచ్చు. నన్ను చేసుకోవచ్చు. గ్లాసు కింద పెడుతుంటే టీ ఒలికింది.

శ్మశానం ఊరి బయట గుట్ట మీద ఉంది. అందరూ ముందు నడుస్తున్నారు. మామ్మ, నేను వెనకబడ్డాం.

"నీకు అరబ్బీ వచ్చా?" అంది ఆవిడ.

"వచ్చు మామ్మా."

ఇంకొంత దూరం నడిచాం. కాళ్ళ కింద గులకరాళ్ళు జారుతున్నాయి. ఆవిడ బరువంతా నా చేతి మీదే ఉంది. అంత కోపంలోనూ ఆ చెయ్యి విదిలించుకోలేకపోయాను, అది నా మీద నాకే కోపం తెప్పించింది.

"నన్ను అంటరానిదాన్ని చూసినట్టు చూశారు. నేనిచ్చిన టీ ముట్టుకోలేదు," అన్నాను.

"తాగితే నీ కళ్ళలోకి చూడాలి కదే. ఎలా చూడను?"

"మరి నన్నెందుకు రమ్మన్నారు?"

ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. "ఏమో. ఒక్కసారి దగ్గరగా చూడాలనిపించింది. నువ్వు ఆ కాగితం పుచ్చుకుని వీధిలో నవ్వుకుంటూ పోతుంటే నా కిటికీలోంచి చూశాను."

యోహాయ్‌కి చెప్పమన్నాను. ఇవాళే చెప్పమన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. చెబితే మెయిర్ బతకడంది. వాడికి ఆ చేతులెత్తడం తప్ప ఇంకో గౌరవం లేదు, వాడు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక వాడిని నిలబెట్టింది అదే, రేపు పొద్దున వాడు ఏ మొహంతో మందిరంలోకి వెళ్తాడంది.

"నా సంగతేంటి మరి?"

"నువ్వు చిన్నదానివి. ఇంకొకడు దొరుకుతాడు."

"మీకు దొరికినట్టా? నోరు మూసుకుంటే దొరికేవాడా?"

అంత మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ మొహం మీద కొట్టినట్టు ఆగిపోయింది. తర్వాత నా చెయ్యి వదిలేసి, గోడ పట్టుకుని ఒక్కతే నడిచింది. గేటు దగ్గర ఫద్మా తాళం తీసింది. అందరూ లోపలికి వెళ్ళారు, మామ్మ కూడా వెళ్ళింది.

యోహాయ్ ఎప్పటిలాగే బయట ఒక రాయి చూసుకున్నాడు. నన్ను కూర్చోమన్నాడు. నేను నిలబడే ఉన్నాను. అతని మొహం చూడగానే తెలిసిపోయింది, యాత్ర పొడుగునా నేను ఎదురుచూసిన మాట వస్తోందని.

"నా వల్ల కాదు లిరాజ్," అన్నాడు. "చాలా ఆలోచించాను. నాన్న ఉత్త మాటలు చెప్పే మనిషి కాదు. నేను తప్పుకుంటే ఆయన ఒక్కడే అక్కడ నిలబడాలి. నేను ఆయన్ని అలా వదిలెయ్యలేను."

"నన్ను వదిలెయ్యగలవు."

అతను తల వంచుకున్నాడు. కంట నీళ్ళు తిరుగుతున్నాయి. ఏడిచేవాడిని చూసి జాలిపడాలి గానీ, నాకు చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది. నా నాలుక చివర ఒక్క వాక్యం ఉంది. నువ్వు కోహెన్ కాదు. అంతే. అది అంటే చాలు, ఈ ఏడుపు, ఈ గేటు, సైప్రస్, మెయిర్ కోహెన్, అన్నీ అయిపోతాయి. నోరు తెరిచాను కూడా.

అనలేకపోయాను. మంచితనం వల్ల అనుకోకండి. ఆ కొట్టంలో గొర్రెల మధ్య పడుకుని నవ్విన పిల్ల కళ్ళ ముందు మెదిలింది. దాని నవ్వుని తీసుకెళ్ళి దాని మీదే విసరడానికి చెయ్యి రాలేదు. రెండోది, అలా గెలుచుకున్న మొగుడు నాకెందుకనిపించింది. "సరే," అన్నాను. "మీ నాన్నకి చెప్పు, సంతోషిస్తాడు." గేటు దాటి లోపలికి వెళ్ళిపోయాను.

లోపల సమాధులంటే పలకలూ పేర్లూ లేవు, మట్టిలోంచి తలలు పైకెత్తిన రాళ్ళు, అంతే. ఫద్మా ఒక బాదం చెట్టు మొదట్లో రాయి చూపించింది. మామ్మ అక్కడ మోకాళ్ళ మీద కూలబడి, రాయికి బుగ్గ ఆనించి ఏదో మాట్లాడుతోంది. కొవ్వొత్తి గాలికి ఆరిపోతుంటే అందరూ చుట్టూ దడిలా నిలబడ్డారు. చచ్చినవాళ్ళ కోసం చదివే కద్దిష్ చదవాలి. వారసుడు చదివితే శ్రేష్ఠం. యోహాయ్ లోపలికి రాకూడదు గనక ప్రోస్పెర్ బాబాయ్ పుస్తకం తీసి, నేను చదువుతానమ్మా అన్నాడు.

మామ్మ లేచింది. నా చెయ్యి కోసం చూడలేదు, రాయి పట్టుకునే లేచింది.

"నా మనవడు చదువుతాడు," అంది.

గేటు బయటి నుంచి చదివితే వినపడదేమో అని బాబాయ్ నసిగాడు. ఆవిడ విననట్టే గేటు వైపు తిరిగింది.

"యోహాయ్, లోపలికి రా."

అతను లేచి నిలబడ్డాడు గానీ కదల్లేదు. నానమ్మా, నేను రాకూడదు కదా, అన్నాడు నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు. జూలియెట్ అత్త ఆవిడ భుజం పట్టుకుని, ఎండదెబ్బ తగిలింది, నీళ్ళివ్వండి అంది.

"నా బుర్ర బాగానే ఉంది జూలియెట్, చెయ్యి తియ్యి," అంది మామ్మ. "మసఊద్‌ని చేసుకునేనాటికి నేను విడాకులు తీసుకున్నదాన్ని. ఈ ఊళ్ళోనే. ఇదిగో ఈవిడ సాక్షి. కాసాబ్లాంకాలో రబ్బీకి కన్నెపిల్లనని చెప్పి పెళ్ళి చేసుకున్నాను. నా కొడుకు కోహెన్ కాడు. నువ్వూ కాదు. ఈ మట్టి నిన్నేం చెయ్యదు, రా."

ఫద్మాకి హీబ్రూ రాదు, అయినా ఏం జరుగుతోందో అర్థమైనట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జూలియెట్ అత్త చెయ్యి దానంతటదే కిందికి జారింది.

యోహాయ్ ఆవిడనే చూశాడు. అతనికి సంతోషం కలుగుతుందేమో అనుకున్నాను, నా వైపు చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు.

"తాతని పూడ్చేటప్పుడు నేను కంచె బయట నిలబడ్డాను," అన్నాడు. "నువ్వు లోపల ఉన్నావు. నన్ను చూశావు."

"చూశాను."

"పిలవలేదు."

"పిలవలేదు నాన్నా."

అతను గేటు ఊచ పట్టుకున్నాడు. ఒక కాలు లోపల పెట్టి ఆగాడు, చలినీళ్ళలో దిగేవాడిలా. తర్వాత రెండోది పెట్టాడు. రాళ్ళ మధ్య ఎలా నడవాలో తెలియక, ఎక్కడ ఎవరిని తొక్కుతానో అని తడబడుతూ బాదం చెట్టు దాకా వచ్చాడు. బాబాయ్ చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. చదువుతుంటే గొంతు రెండుసార్లు తెగిపోయింది. అందరం ఆమెన్ అన్నాం. నా ఆమెన్ అందరికన్నా గట్టిగా వచ్చిందని జూలియెట్ అత్త నా వైపు తిరిగి చూసింది.

బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర చేతులు కడుక్కోవాలి. నేను కడుక్కుంటుంటే యోహాయ్ నా పక్కకి వచ్చి చెంబు కోసం చెయ్యి చాపాడు. అలా చేతికివ్వకూడదు. చావు చేయి మారుతుందంటారు. శ్మశానం మొహమే చూడనివాడికి అదేం తెలుసు? నేను చెంబు రాయి మీద బోర్లించి పక్కకి జరిగాను.

"లిరాజ్, ఇప్పుడింక మనకి అడ్డమేముంది?" అన్నాడు.

"ఇందాక కాదన్నది ఎవరు? కోహెనా, నువ్వా?"

అతను చెంబు తీసుకుని చేతులు కడుక్కున్నాడు, అవసరానికి మించి చాలాసేపు.

జూలియెట్ అత్త అప్పటికే బస్సు మెట్టు మీద నిలబడి ఫోను తీసింది. ఊళ్ళో ఎవరికి చేస్తుందో, అరగంటలో ఆ కబురు మెయిర్ గారి చెవిన ఎలా పడుతుందో అందరికీ తెలుసు. మామ్మ కూడా చూసింది. గబగబా నా సంచిలోంచి తన ఫోను లాగి, కొడుకు పేరు మీద నొక్కబోయింది. వేలు ఎక్కడెక్కడో తగిలింది. ఆవిడ జీవితమంతా ఆ ఫోను చెయ్యకుండా బతికింది, ఇప్పుడెలా చేస్తుంది?

యోహాయ్ ఆ ఫోను ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. జూలియెట్ అత్త దగ్గరికి వెళ్ళి, ముందు నన్ను మాట్లాడనివ్వండి అత్తా, అన్నాడు. ఆవిడ ఏమనుకుందో ఏమో, ఫోను సంచిలో వేసుకుంది. అతను బస్సు ఎక్కలేదు. తిరిగి గేటు దాటి లోపలికి వెళ్ళి, గోడకి అవతలి పక్కనే నిలబడ్డాడు. మామ్మ చెవికి సరిగ్గా వినపడదు గనక ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. అతను ఇందాక కూర్చున్న రాయి మీద మామ్మా నేనూ కూర్చున్నాం. అవతల మెయిర్ గారి గొంతు, అమ్మా ఎలా ఉన్నావు, అమ్మమ్మకి కొవ్వొత్తి వెలిగించావా అంది.

"నాన్నా, నేను. కూర్చున్నావా? కూర్చో. నేను శ్మశానంలోంచి మాట్లాడుతున్నాను. బయటి నుంచి కాదు, లోపల్నించే."

తర్వాత చెప్పాల్సిందంతా చెప్పాడు. తొందరపడలేదు, తీపి పూత పూయలేదు.

"ఇంకొకటి. నేను లిరాజ్‌ని చేసుకుంటాను, తను ఒప్పుకుంటే. ఈ మాట ఇది తెలియక ముందే నీకు చెప్పాల్సింది. గంట కిందట తనకి కాదని చెప్పాను. అది నియమం కాదు నాన్నా, నా పిరికితనం."

ఆ ఒక్క మాటకి నా కోపం సగం దిగింది. మిగతా సగం పెళ్ళయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు.

అవతలి నుంచి గొంతు వచ్చింది. అది నాకు తెలిసిన మెయిర్ కోహెన్ గొంతు కాదు. అమ్మకి ఇవ్వు, అంది. మామ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది. ఇద్దరం లోపలికి నడిచాం. యోహాయ్ ఫోను ఆవిడ మొహం దగ్గర పెట్టాడు.

"అమ్మా, నాన్నకి తెలుసా?"

"తెలుసు. పెళ్ళికి ముందే చెప్పాను."

"మరి నేను పదమూడేళ్ళవాణ్ణి చేతులెత్తుతుంటే ఎందుకు ఆపలేదు? దగ్గొస్తోందని లేచి బయటికి పోయేవాడు గానీ..." అని మాట మధ్యలో ఆగిపోయాడు.

మామ్మ కళ్ళు మూసుకుంది.

"ఆయనకి దగ్గెప్పుడూ లేదు నాన్నా," అంది.